ఆయిల్స్‌లో సముద్రం, తెరచాప పడవలు: నేర్చుకునేవాళ్ళు ఏ రంగులు, ఏ పద్ధతి ఎంచుకోవాలి

సముద్రం బొమ్మలో తెరచాప పడవ పెట్టాలని ఆయిల్ కలర్స్ మొదలుపెట్టినవాళ్ళు దాదాపు ఒకేచోట ఆగిపోతారు, నాకూ అదే అయింది. ఆకాశం బాగా వచ్చింది, నీళ్ళు కూడా ఫరవాలేదు, సరే ఇక తెల్ల తెరచాప వేద్దామని బ్రష్ పెట్టి లాగితే కింద ఉన్న తడి నీలం అంతా తెలుపులోకి ఎక్కేసి తెరచాప కాస్తా మురికి నీలంగా తయారైంది, సరిచేద్దామని ఇంకొంచెం తెలుపు, ఇంకొంచెం తెలుపు వేసుకుంటూ పోతే చివరికి పడవ చుట్టూ ఉన్న సముద్రం కూడా పాడైపోయింది. చేతిలో పనితనం లేదేమో అనుకున్నాను చాలారోజులు. తర్వాత తెలిసిందేంటంటే తప్పు చేతిలో లేదు, రంగు ఎప్పుడు ఆరుతుంది అనేది నేను పట్టించుకోలేదు, అంతే.

ఈ సబ్జెక్ట్‌లో ఉన్న చిక్కే అది. నీళ్ళు, మబ్బులు, దూరంగా మసకగా కనబడే గీత, ఇవన్నీ మెత్తగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోవాలి, అంటే రంగు తడిగా ఉండాలి. పడవేమో దానికి పూర్తిగా ఆపోజిట్, తెరచాప అంచు, స్తంభం, తాళ్ళు అన్నీ పదునుగా రావాలి, అంటే కింద రంగు ఆరిపోయి ఉండాలి. ఒకే బొమ్మలో తడీ కావాలి, పొడీ కావాలి. అందుకే ఏ రంగులు కొనాలి, ఏ మెథడ్ నేర్చుకోవాలి, కాన్వాసా బోర్డా అని ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే: వారంలో మీకు పెయింటింగ్‌కి టైమ్ ఎలా దొరుకుతుంది, ఒకేసారి మూడు గంటలా, రోజూ అరగంటా? దాన్నిబట్టే మిగతావన్నీ తేలిపోతాయి.

ముందు రంగుల సంగతి. మామూలు ఆయిల్ కలర్స్, నీళ్ళతో కలిసే ఆయిల్స్, ఆల్కిడ్‌లు, మూడూ ఆయిల్స్ షెల్ఫ్‌లోనే ఉంటాయి కాబట్టి కొత్తవాళ్ళకి తికమకగా ఉంటుంది. మామూలు ఆయిల్స్ అంటే పిగ్మెంట్‌ని, అంటే రంగు పొడిని, ఎక్కువగా అవిసె నూనెలో నూరి చేసినవి. ఇవి నీళ్ళు ఆవిరైనట్టు ఆవిరై ఆరవు, నూనె గాలిలో ఉన్న ఆక్సిజన్‌ని పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పల్చటి పొర అయితే ముట్టుకుంటే అంటకుండా ఉండడానికి రంగునిబట్టి రెండు రోజుల నుంచి పన్నెండు రోజుల దాకా పడుతుంది, బర్న్ట్ అంబర్ లాంటి మట్టిరంగులు తొందరగా ఆరతాయి, టైటానియం వైట్ నెమ్మది. సముద్రం బొమ్మలో వాడేదేమో ఎక్కువగా తెలుపు కలిపిన రంగులే, కాబట్టి మన బొమ్మ ఎప్పుడూ నెమ్మదిగా ఆరే బ్యాచ్‌లోనే ఉంటుందని ముందే అనుకోండి. ఈ నెమ్మదితనం నీళ్ళకి వరం, ఆకాశంలోంచి సముద్రంలోకి రంగు మెల్లగా జారేలా చెయ్యాలంటే రెండు మూడు గంటలు తీరిగ్గా కలుపుకోవచ్చు. పడవకి మాత్రం అదే శాపం.

ఆల్కిడ్‌లు కూడా నూనె ఆధారంగానే తయారైన రెసిన్‌తో చేసినవి. విన్సర్ అండ్ న్యూటన్ వాళ్ళ గ్రిఫిన్ అలాంటిదే, 18 నుంచి 24 గంటల్లో పై పొర ఆరిపోతుంది. ఈరోజు సముద్రం వేసి రేపు సాయంత్రం పడవ పెట్టొచ్చన్నమాట. వినడానికి మన సమస్యకి ఇదే మందు అనిపిస్తుంది, కొంతవరకు నిజం కూడా, కాకపోతే ఆకాశం బ్లెండ్ చేస్తున్నప్పుడే రంగు జిగురుగా మారి బ్రష్‌ని పట్టేసుకోవడం మొదలవుతుంది, కొత్తగా నేర్చుకునే చెయ్యికి అంత స్పీడ్ ఉండదు. నేనైతే ఆల్కిడ్ ట్యూబులు పూర్తి సెట్ కొనే బదులు మామూలు ఆయిల్స్ కొనుక్కుని, లిక్విన్ లాంటి ఆల్కిడ్ మీడియం చిన్న సీసా పక్కన పెట్టుకోమంటాను, తొందర ఉన్నరోజు రంగులో కొద్దిగా కలుపుకుంటే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త, కింద నెమ్మదిగా ఆరే మందపాటి నూనె పొర వేసి దాని మీద తొందరగా ఆరే ఆల్కిడ్ వేస్తే పై పొర గట్టిపడ్డాక కిందది ఇంకా కదులుతూనే ఉంటుంది, కొన్నాళ్ళకి పగుళ్ళు వస్తాయి. వాడితే కింది పొర నుంచే వాడండి.

నీళ్ళతో కలిసే ఆయిల్స్, అంటే రాయల్ టాలెన్స్ వాళ్ళ కోబ్రా, విన్సర్ అండ్ న్యూటన్ వాళ్ళ ఆర్టిసన్ లాంటివి, వీటి గురించి చాలామంది చిన్నచూపు చూస్తారు, అది కరెక్ట్ కాదు. ఇవి కూడా నిజం ఆయిల్సే, నూనెనే నీళ్ళతో కలిసేలా మార్చారు, కాబట్టి టర్పెంటైన్ లాంటి ఘాటు థిన్నర్ లేకుండా నీళ్ళు, సబ్బుతో బ్రష్ కడుక్కోవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నా, గాలి ఆడని గదిలో వేస్తున్నా, వాసన పడకపోయినా ఇంకో ఆలోచన లేకుండా ఇవే తీసుకోండి. కాకపోతే రంగు పల్చన చెయ్యడానికి నీళ్ళు ఎక్కువ పోస్తే జిగటగా, పాలిపోయినట్టు అయిపోతుంది, ముఖ్యంగా పడవ తాళ్ళకి కావలసిన పొడుగాటి సన్నగీతలకి ఇది పెద్ద అడ్డంకి. దానికి నీళ్ళు వద్దు, వాటికోసమే అమ్మే నీళ్ళలో కలిసే అవిసె నూనె ఒక చుక్క కలిపితే గీత సాఫీగా వస్తుంది. ఆరడం మాత్రం మామూలు ఆయిల్స్ లాగే నెమ్మది, నీళ్ళతో కలుస్తాయి కదా తొందరగా ఆరిపోతాయేమో అనుకుని మర్నాడే పడవ వేయబోయి నేను మంచి ఆకాశం ఒకటి పోగొట్టుకున్నాను.

ఏ రకం ఆయిల్స్ తీసుకున్నవాళ్ళైనా ఒకటి గుర్తుపెట్టుకోవాలి, నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకండి. నూనె ఆక్సిజన్ పీల్చుకునేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో తడిపి మూతున్న రేకు డబ్బాలో వెయ్యండి.

ఇప్పుడు అసలు ఎంపిక, పద్ధతి. ఒకటి అల్లా ప్రీమా, అంటే మొత్తం బొమ్మ ఒకే కూర్చోవడంలో, తడి మీద తడి. రెండోది పొరలుగా, ఒకటి ఆరాక ఇంకోటి, వారాల తరబడి. ఇంటర్నెట్‌లో ఈ రెండు వర్గాల మధ్య పెద్ద వాదనే నడుస్తుంటుంది గానీ తెరచాప పడవలకి వచ్చేసరికి నా అభిప్రాయం స్పష్టంగా ఉంది: సముద్రం మొత్తం ఒకే సిట్టింగ్‌లో తడి మీద తడి, పడవ ఇంకో రోజు ఆరిన సముద్రం మీద. రెండు సిట్టింగ్‌లు. ఇందులో కొత్తేమీ లేదు, పని విడగొట్టుకోవడం ఓడల బొమ్మలు వేసిన పాతకాలపు పెయింటర్లకి కూడా అలవాటే. 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్ నుంచి ఇంగ్లండ్‌కి వెళ్ళిన వాన్ డె వెల్డె తండ్రీకొడుకులకి 1674లో రాజు చెరో వంద పౌండ్ల జీతం ఇచ్చాడు, తండ్రికి సముద్రయుద్ధాల డ్రాయింగులు గీసినందుకు, కొడుక్కి వాటికి రంగులు వేసినందుకు. ఓడ ఆకారం పట్టుకోవడం ఒక పని, రంగులో సముద్రం పట్టుకోవడం ఇంకో పని అని అప్పుడే తేలిపోయినట్టే కదా, మనం ఒక్కళ్ళమే రెండూ చేస్తున్నాం కాబట్టి కనీసం రెండు రోజులైనా తీసుకోవాలి.

ఒకే సిట్టింగ్‌లో పడవతో సహా పూర్తి చెయ్యడం కుదరదని కాదు. ఫ్రెంచ్ పెయింటర్ మోనె 1872 అని డేట్ వేసిన ఇంప్రెషన్, సన్‌రైజ్ చూడండి, అందులో పడవలంటే నాలుగైదు ముదురు బ్రష్ దెబ్బలే, వాటికి తాళ్ళూ లేవు అంచులూ లేవు, అయినా పొగమంచులో పడవలే అని కళ్ళు ఒప్పుకుంటాయి. పడవ ముదురు రంగులో, చిన్నగా, మసకగా ఉంటే తడి మీద తడి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తెల్ల తెరచాప ఎండలో మెరుస్తూ ఉండాలంటే మాత్రం అల్లా ప్రీమాలో మీకున్న దారి ఒకటే, సముద్రం, ఆకాశం వేసేటప్పుడే తెరచాప ఆకారం ఖాళీగా వదిలెయ్యాలి, పొరపాటున రంగు పడితే శుభ్రంగా గుడ్డతో తుడిచెయ్యాలి, చివర్లో ఆ ఖాళీలో మందంగా రంగు పెట్టి ఒక్క దెబ్బతో వదిలెయ్యాలి. మూడు గంటలు ఒకేసారి దొరికేవాళ్ళకి, ఒకే బొమ్మని వారాల తరబడి పట్టుకు తిరిగే ఓపిక లేనివాళ్ళకి ఇది బాగుంటుంది.

పూర్తిగా పొరల పద్ధతి ఎవరికి అంటే, రోజూ అరగంట, ముప్పావుగంట మాత్రమే దొరికేవాళ్ళకి. ఒకరోజు ఆకాశం, నాలుగు రోజులాగి నీళ్ళు, ఇలా. ఎగిసిన అల పైభాగంలో వెలుతురు లోపల్నుంచి వచ్చినట్టు కనబడే ఆ పచ్చటి మెరుపు ఉంది చూశారూ, అది గ్లేజ్‌లో, అంటే ఆరిన రంగు మీద కిందది కనబడేలా వేసే పల్చటి పొరలో, వచ్చినంత అందంగా ఇంకెందులోనూ రాదు: ముందు లేత పసుపు కలిపిన తెలుపు వేసి ఆరనిచ్చి, దాని మీద విరిడియన్ అనే ఆకుపచ్చ రంగు పల్చగా నూనెలో కలిపి ఒక పొర. రూల్ ఒకటే, కింది పొరల్లో నూనె తక్కువ, పైకి వెళ్ళేకొద్దీ ఎక్కువ, తిరగేస్తే పగులుతుంది. ఇంకో లాభం ఏంటంటే మనసు మార్చుకోవచ్చు. అమెరికన్ పెయింటర్ విన్స్‌లో హోమర్ గాలికి పక్కకి ఒరిగిన చిన్న తెరచాప పడవలో పిల్లలు కూర్చున్న బొమ్మ ఒకటి వేశాడు, బ్రీజింగ్ అప్ అని, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది, 1873లో మొదలుపెట్టి 1876లో ముగించాడు. పై రంగు కింద ఏముందో చూపించే ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తే స్తంభం దగ్గర ఇంకో పిల్లాడు, దూరంగా ఇంకో ఓడ కూడా ఉండేవి, తర్వాత కప్పేశాడు. తీసేశాక ఆ బొమ్మకి ఎంత గాలి ఆడిందో చూస్తే తెలుస్తుంది. తడి మీద తడిలో ఇలాంటి ఆలోచనకి చోటుండదు.

సర్ఫేస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముతక నేత కాన్వాస్ నీళ్ళకి బాగుంటుంది, పొడి బ్రష్ పక్కకి పట్టుకుని లాగితే నేత మీద రంగు ఎక్కడికక్కడ అంటుకుని నీటిమీద తళుకు దానంతటదే వస్తుంది, కానీ అదే నేత మీద సన్నటి తాడు గీస్తే చుక్కలు చుక్కలుగా తెగిపోతుంది. గెసో, అంటే రంగుకి ముందు వేసే తెల్లటి అస్తరు, వేసి నున్నగా రుద్దిన చెక్క బోర్డు మీద గీత తెగదు, కాకపోతే రంగు జారుతుంది. పడవ దగ్గరగా, వివరంగా కావాలంటే బోర్డు, సముద్రమే ముఖ్యం పడవ చిన్నదైతే కాన్వాస్. ప్రాక్టీస్‌కి ఆయిల్ పేపర్ ప్యాడ్ చాలు, మామూలు కాగితం మీద గెసో లేకుండా వేస్తే నూనె పీల్చుకుని కాగితం పెళుసెక్కిపోతుంది.

నీలం ఏది అన్నదాని మీద మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. అల్ట్రామెరీన్, థాలో బ్లూ, సెరూలియన్, కోబాల్ట్, పైగా టర్కాయిస్ అని రెడీగా కలిపిన ట్యూబులు, షాప్‌లో చూస్తే అన్నీ సముద్రంలాగే ఉంటాయి. ఒక్కటే కొనాలంటే అల్ట్రామెరీన్. దానికి బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలిపితే మబ్బుల బూడిదరంగు నుంచి నలుపుకి దగ్గరగా ఉండే ముదురు దాకా అన్నీ వస్తాయి, పడవ బాడీకి వేరే నలుపు అక్కర్లేదు. థాలో బ్లూ పచ్చటి లోతు తక్కువ నీళ్ళకి అద్భుతం, కానీ దాని బలం మామూలుది కాదు, బఠాణీ గింజంత పెడితే పాలెట్ మొత్తాన్ని మింగేస్తుంది, బ్రష్‌లో మిగిలిపోయి తెరచాపలోకి కూడా వస్తుంది. అందుకే కొత్తలో థాలో బదులు అల్ట్రామెరీన్, పక్కన విరిడియన్ పెట్టుకోవడం నయం, రెండూ మెత్తటి మనుషుల్లాంటివి, చెప్పినమాట వింటాయి. వీటికి తోడు యెల్లో ఓకర్, ఒక లేత పసుపు, ఒక ఎరుపు, టైటానియం వైట్, ఇంతే, ఏడు ట్యూబులు. చవకైన స్టూడెంట్ గ్రేడా, ఖరీదైన ఆర్టిస్ట్ గ్రేడా అంటే, తెలుపు మంచిది కొనండి. సముద్రం బొమ్మలో సగానికి పైగా వాడేది అదే, ఫిల్లర్లు, అంటే రంగు బదులు కలిపే చవక పొడులు, ఎక్కువున్న తెలుపుతో తెరచాపకి వెలుగు రాదు. అల్ట్రామెరీన్, మట్టిరంగులు ఆర్టిస్ట్ గ్రేడ్‌లో కూడా తక్కువ ధర సిరీస్‌లోనే ఉంటాయి కాబట్టి అవీ మంచివే తీసుకోవచ్చు. జింక్ వైట్ ఎక్కువగా వాడకండి, ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసై పగులుతుంది.

తెల్ల తెరచాప తెల్లగా ఉండదు అన్నది ఇక్కడే చెప్పాలి. ఎండ వెనకనుంచి వస్తుంటే తెరచాప నీడలో ఉంటుంది, అప్పుడది వెనకున్న ఆకాశం కన్నా ముదురే, అల్ట్రామెరీన్ బూడిదకి కొంచెం ఓకర్ కలిపితే సరిగ్గా వస్తుంది. ముందునుంచి ఎండ పడితేనే అచ్చమైన వెలుగు, అప్పుడు కూడా కొద్దిగా పసుపు చేర్చండి, ఒట్టి తెలుపు సుద్దముక్కలా ఉంటుంది. నురగ కూడా అంతే, నీడలో ఉన్న నురగ నీలంబూడిద, ఎండ తగిలిన అంచు మాత్రమే తెలుపు.

దేన్ని చూసి వెయ్యాలి? ఫోటోనా, ఒడ్డున కూర్చునా, పాత మాస్టర్ల కాపీలా, వీడియో పాఠాలా? వీడియోలు మంచివే, ఎన్నిసార్లయినా ఆపి చూడొచ్చు, కానీ బ్రష్ మీద ఎంత రంగుంది, ఎంత ఒత్తాడు అనేవి వీడియోలో కనబడవు, స్పీడ్ పెంచిన వీడియోలైతే ఎక్కడ ఆరనిచ్చాడో కూడా తెలియదు, మనకి కావలసిందే అది. ఆగకుండా, కట్ చెయ్యకుండా తీసినవే చూడండి. క్లాస్ దొరికితే, టీచర్ మీ బొమ్మ ముందు నిలబడి చెప్పే క్లాసే వెళ్ళండి. అందరూ ఒకే బొమ్మ దించి ఇంటికి తీసుకెళ్ళే క్లాస్‌లో నేనూ కొన్నాళ్ళు ఉన్నాను, బొమ్మలు మిగిలాయి గానీ నీళ్ళు ఎందుకలా కనబడతాయో ఒక్కటీ తెలియలేదు.

ఫోటోలో పడవ ఆకారం, తాళ్ళ వరస కరెక్ట్‌గా దొరుకుతుంది, కానీ కెమెరా తెల్ల తెరచాపని కాల్చేసి ఒట్టి తెలుపు చేస్తుంది, నీడల్ని నల్లగా ముంచేస్తుంది, అలని గడ్డకట్టిస్తుంది. ఒడ్డున కూర్చుంటే రంగులు నిజంగా కనబడతాయి, కానీ రెండు గంటలకి మించితే వెలుతురు మారిపోతుంది, పడవ ఆగదు. సముద్రం బొమ్మలకి పేరున్న రష్యన్ పెయింటర్ ఐవజోవ్‌స్కీ అయితే సముద్రం కదలికని ఎదురుగా కూర్చుని పట్టుకోలేమని నమ్మి స్టూడియోలో జ్ఞాపకం నుంచే వేసేవాడు, అది పుట్టిందగ్గర్నుంచి సముద్రం పక్కన బతికినవాడికి చెల్లింది, మనకి ఇప్పుడే కాదు. నా సలహా కలిపి వాడమని: బయట చిన్న కాగితం మీద ఆకాశం, నీళ్ళ రంగులు మాత్రం నోట్ చేసుకోండి, పడవని పెన్సిల్‌తో పది రకాలుగా గీసుకోండి, ఫోటోని పడవ కొలతల కోసం మాత్రమే వాడండి. బయటికి వెళ్ళే వీలు లేకపోతే మాస్టర్ల బొమ్మల్లో ఒక ముక్క, అంటే ఒక పడవ, దాని కింద నీడ, అంతమేరకే కాపీ చెయ్యండి, మొత్తం బొమ్మ వద్దు.

ఏది చూసి వేసినా రెండు విషయాలు తప్పితే బొమ్మ నిలబడదు. మొదటిది హొరైజన్, అంటే ఆకాశం, నీళ్ళు కలిసినట్టు కనబడే గీత. అది ఎప్పుడూ మీ కంటి ఎత్తులోనే ఉంటుంది, కాబట్టి మీ కళ్ళు నీటికి రెండు మీటర్ల ఎత్తులో ఉన్నాయనుకుంటే దగ్గర పడవైనా దూరం పడవైనా నీటినుంచి రెండు మీటర్ల ఎత్తు దగ్గరే ఆ గీత దాన్ని కోస్తుంది. దూరం పడవని చిన్నగా వేసి మొత్తం గీత కిందికి తోసేస్తే అది దూరం పడవ అవ్వదు, దగ్గరున్న బొమ్మ పడవ అవుతుంది. రెండోది గాలి. తెరచాపలు, జెండా, అలల తలలు, పడవ ఒరిగిన వైపు, అన్నీ ఒకే గాలికి జవాబు చెప్పాలి. ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురెళ్ళలేదు, దాదాపు 45 డిగ్రీల కోణం దాకా వెళ్ళి అటూ ఇటూ మలుపులు తిరుగుతూ పోవాల్సిందే, కాబట్టి జెండా వెనక్కి సూటిగా ఎగురుతూ తెరచాపలు నిండుగా ఉబ్బి ఉన్న పడవ వేస్తే సముద్రం తెలిసినవాళ్ళు ఒక్క చూపులో పట్టేస్తారు.

మొదటి బొమ్మకి ఉగ్రమైన అలలా, నిశ్చలమైన నీళ్ళా అంటే నేను రెండూ వద్దంటాను. నిశ్చలమైన నీళ్ళలో పడవ నీడ అద్దంలా రావాలి, స్తంభం కుడికి వాలితే నీడా కుడికే వాలాలి, మనవైపు వాలితే నీడ పొడుగవ్వాలి, చిన్న తప్పు కూడా బయటపడుతుంది. పెద్ద అలలకి అల నిర్మాణం తెలియాలి. పిల్లగాలికి చిన్న చిన్న మడతలు పడిన నీళ్ళు, సగం దూరంలో ఒకే పడవ, ఒకే తెరచాప, ఇది పెట్టుకోండి. సైజు 20 బై 25 సెంటీమీటర్లు.

శనివారం సముద్రం వెయ్యండి, పల్చగా, పడవ వచ్చే చోట ఇంకా పల్చగా, బ్రష్ గుర్తుల గట్లు అక్కడ మిగలకుండా, ఎందుకంటే ఆరాక ఆ గట్లు తెరచాపలోంచి పైకి కనబడతాయి. వారం ఆగండి. మళ్ళీ శనివారం వేలితో ముట్టుకుని చూసి, అంటకపోతే బాడీ, తర్వాత తెరచాప, పడవ కింద నీళ్ళలో ముదురు గీత ఒకటి, అది లేకపోతే పడవ గాల్లో తేలుతుంది. తాళ్ళు చివర్న. వాటికి పొడుగాటి సన్న వెంట్రుకల రిగ్గర్ బ్రష్ వాడండి, ఆ పేరు వచ్చిందే ఓడల తాళ్ళు గీసే పనినుంచి, రంగుని సిరాలా పల్చన చేసుకుని, మణికట్టు కాకుండా భుజం కదిలిస్తూ ఒక్క ఊపులో లాగండి. గీత వంకరపోతే కంగారు పడకండి, గుడ్డ చుట్టిన వేలితో తుడిచేసి మళ్ళీ గియ్యండి, కింద సముద్రం ఆరిపోయి ఉంది కదా, చెక్కుచెదరదు.